రాయి కుళ్ళిందనే రాయి

విజయనగరం

అమ్మాయీ,

నికెల్ మీద నువ్వు పంపిన వ్యాసం అందింది. చేతిరాత బాగుంది. రెండో పేజీలో 'ఉష్ణమండల శైథిల్య ప్రక్రియ ద్వారా నికెల్ నిక్షేపాల ఆవిర్భావం జరుగును' అన్న వాక్యం దగ్గర నాకు ఒళ్ళు మండింది. మా ఇంటావిడకి చదివి వినిపిస్తే 'ఏటి జరుగును?' అంది.

ఏం జరుగుతుందో అదే రాయమ్మా. భూమి లోపల్నుంచి వచ్చిన పెరిడోటైట్ అనే బరువైన రాతిలో నికెల్ మొదట్నుంచీ ఉంది, నూటికి 0.2, 0.3 పాళ్ళు. అందులో మెగ్నీషియం, ఇనుము, సిలికా కలిసిన ఆలివిన్ అనే ఆకుపచ్చ ఖనిజం వేడి వానలకి నిలవదు. గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువు కలిసి కాస్త పుల్లబడ్డ నీరు దాన్ని కరిగిస్తుంది. మెగ్నీషియం ముందు పోతుంది, వెనకే సిలికా. ఇనుము కదలదు, తుప్పై అక్కడే కూర్చుంటుంది. చెరుకు రసం మరిగిస్తే నీళ్ళు పోయి బెల్లం మిగలడం చూశావుగా, అలా నికెల్ పాలు పెరుగుతుంది.

అయితే బెల్లం పోలిక సగం దారిలో చతికిలబడుతుంది. నికెల్ కొంత పైన తుప్పుని అంటుకుని ఉండిపోతే, కొంత నీటితో కిందికి దిగుతుంది. సగం కుళ్ళిన రాతిలో నీటి పులుపు విరిగాక, మెగ్నీషియం ఖాళీ చేసిన సీట్లో కూర్చుంటుంది. అందుకే పైన ఎర్రమట్టిలో 1 శాతం పైచిలుకు ఉంటే కింద 2 దాటొచ్చు. పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియా దీవిలో 1864లో జూల్ గార్నియే అనే ఫ్రెంచి ఇంజనీరు చూసిన ఆకుపచ్చ నికెల్ ఖనిజం ఈ కింది పొరదే. లక్షల ఏళ్ళ ఈ దిగుడుని నువ్వు 'తదనంతరం' అని ఒక్క మాటతో దాటేశావు!

నా మొదటి వ్యాసం గరివిడి మాంగనీసు మీద. అక్కడ బావి తవ్వే ఒకాయన గోడలోంచి రాయి పెళ్ళగించి, వేళ్ళతో పిండిలా నలిపి, 'రాయి కుళ్ళిపోనాది బాబూ' అన్నాడు. అలాగే రాశాను. ఎడిటరుగారు దాన్ని 'శిలాశైథిల్యం సంభవించెను' చేసి అచ్చేశారు. పత్రిక పట్టుకెళ్ళి చదివితే 'నా మాటేదీ?' అన్నాడాయన. నలభై ఏళ్ళైంది, ఆ కోపం చల్లారలేదు. పారితోషికం కూడా రాలేదనుకో.

మన కొండల సంగతి అడిగావు. వాన అదే, రాయి వేరు. మన కొండల్లోని ఖోండలైట్ అనే రాయి కుళ్ళితే అల్యూమినియం మిగిలి బాక్సైట్ అవుతుంది. నికెల్ మట్టి చూడాలంటే ఒడిశాలో సుకింద లోయకి వెళ్ళు. క్రోమైట్ అనే క్రోమియం ఖనిజం కోసం తవ్వి పక్కన పోసే మట్టిలోనే ఉంది. మన రైలు లైన్లోనే జాజ్‌పూర్ కియోంఝర్ రోడ్‌లో దిగాలి. గుప్పెడు మట్టి తడిపి, నలిపి, వేళ్ళకి ఏ రంగు అంటిందో నాకు ఉత్తరం రాయి. ఏ పత్రికకి పంపాలన్నది తర్వాత చూద్దాం.

మాస్టారు