మౌస్ ముట్టకుండా చూడు

హనుమకొండ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ ధరలు చూపే నీ వెబ్‌సైట్ చూపులేనివారికీ పనికిరావాలంటే ఏం చేయాలని అడిగావు. నిన్న సాయంత్రం స్క్రీన్ ఆపేసి, మౌస్ ముట్టకుండా, ఎన్‌వీడీఏ పెట్టుకొని గంటసేపు విన్నాను. అది తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్, ఉచితంగానే దొరుకుతుంది కాబట్టి, ఏ నియమావళి చదవకముందే నువ్వూ ఆ పని చేయి.

మొదట వినిపించినవి 'బటన్, బటన్, బటన్' అనే మాటలే. వెతకడానికి భూతద్దం, మెనూకు మూడు గీతలు పెట్టావు గానీ వాటికి పేర్లు పెట్టలేదు. తరువాత ధరల పట్టికలోకి వెళ్లి, కిందికి బాణం కీతో ఒక్కొక్కటే దాటుకుంటూ పోతే ఉత్త అంకెలే వినిపించాయి; అది తేజ మిర్చి ధరో, వండర్ హాట్ మిర్చి ధరో, కనిష్ఠమో గరిష్ఠమో అంతుపట్టలేదు. పట్టికను డివ్‌లతో, అంటే ఏ అర్థమూ లేని ఉత్త పెట్టెలతో పేర్చావు కదా, అందుకే ఈ తిప్పలు. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న అసలు టేబుల్ వాడి, పై వరుసకూ మొదటి నిలువు వరుసకూ శీర్షిక గడులు పెడితే, అంకెకు ముందు సరుకు పేరు దానంతట అదే వినిపిస్తుంది.

ధర పెరిగితే పచ్చ, తగ్గితే ఎరుపు పెట్టావు. ఆ రెండు రంగుల తేడా తెలియనివారు మన మగవాళ్లలోనే చాలామంది ఉన్నారు కనుక, పక్కన 'పెరిగింది' అన్న మాట కూడా ఉండాలి. లేత బూడిదరంగు అక్షరాలు మార్చు: వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఉండడానికి పెట్టిన డబ్ల్యూసీఏజీ నియమావళి ప్రకారం మామూలు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలి.

మన తెలుగువాళ్లు తరచూ చేసే పొరపాటు ఇంకొకటుంది. పేజీ అంతా తెలుగే అయినా, ఎక్కడినుంచో తెచ్చుకున్న టెంప్లేట్‌లో భాష ఇంగ్లిష్ అనే ఉండిపోతుంది. దాన్ని నమ్మి ఇంగ్లిష్ గొంతు చదవబోయి, మన అక్షరాలను ముక్కలు చేస్తుంది లేదా వదిలేస్తుంది. మార్కెట్ సెలవు ప్రకటనను ఫొటోగా పెట్టడం అంతకంటే అన్యాయం. దాన్ని స్క్రీన్ రీడర్ చదవగలిగే అక్షరాలుగా యూనికోడ్‌లో టైపు చేయి.

ట్యాబ్ నొక్కితే ఎక్కడున్నామో చూపే గీతను మాత్రం తీసేయకు. ఒకప్పుడు నేను పనిచేసిన చోట, యజమానికి నచ్చలేదని పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌లో ఒక్క వాక్యంతో దాన్ని తీసేశాను. చేతులు వణికి మౌస్ పట్టలేక కీబోర్డుతోనే పనిచేసే ఒకాయన మా ఫారం మధ్యలోనే ఆగిపోయాడని నాకు ఆరు నెలల తరువాత గానీ తెలియలేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇవి సరిచేసుకొని ఆదివారం ఇంటికి రా. పుట్టుకతోనే చూపులేని నా మిత్రుడొకాయన కాజీపేట నుంచి వస్తాడు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌తో నీ సైటు తెరిచి, ఆ రోజు పత్తి ధర ఎంతో తనే వెతుక్కుంటాడు. నువ్వు పక్కన కూర్చో. ఎక్కడ నొక్కాలో మాత్రం చెప్పకు.

ఇట్లు,
మీ మామయ్య