యాప్‌లో అన్నీ పచ్చ టిక్కులే, కాగితం మీద మాత్రం 3/7

ఏడో తరగతి చదువుతున్న మీ పాప రోజూ గంటసేపు లెక్కల యాప్ చేస్తోందనీ, అందులో 90 శాతానికి పైగా సరైన జవాబులే వస్తున్నాయనీ, అయినా పరీక్షలో మార్కులు రావడం లేదనీ రాసి, ఏ యాప్‌కు మారితే మంచిదని అడిగారు. 19 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను కాబట్టి ముందు నాదొక ఎదురు ప్రశ్న. ఆ యాప్ నాలుగు జవాబులు చూపించి ఒకదాన్ని ఎంచుకోమంటోందా, లేక ఖాళీ గడి ఇచ్చి రాయమంటోందా? నా లెక్క ప్రకారం మీ ప్రశ్నకు జవాబులో ముప్పాతిక వంతు ఇందులోనే ఉంది.

కొన్నేళ్ల క్రితం నా తరగతిలో సరిగ్గా ఇలాంటి అమ్మాయే ఉండేది. వంద రోజులకు పైగా ఒక్కరోజు కూడా మానకుండా యాప్ చేసినందుకు ఆమె ఖాతాలో ఒక బంగారు పతకం బొమ్మ మెరుస్తూ ఉండేది, భిన్నాల కూడికల అధ్యాయం నిండా పచ్చ టిక్కులే కనిపించేవి. అదే వారం నోటుపుస్తకంలో 2/3 + 1/4 చేయమంటే ఏమాత్రం తడబడకుండా 3/7 అని రాసింది. లవానికి లవాన్నీ, హారానికి హారాన్నీ కలిపేసింది. తొందరలో అలా జరిగిందేమో అనుకొని 1/2 + 1/2 ఇచ్చాను. 2/4 అని రాసింది.

మర్నాడు విరామ సమయంలో ట్యాబ్‌తో సహా ఆమెను నా పక్కన కూర్చోబెట్టుకొని, నేను చూస్తుండగా చేయమన్నాను. తెర మీద అదే 2/3 + 1/4 వచ్చింది. దాని కింద 3/7, 3/12, 11/12, 2/12 అని నాలుగు జవాబులు ఉన్నాయి. ఆమె చూపు లెక్క మీద నిలవనే లేదు. నేరుగా కిందికి దిగింది, వేలు 11/12 మీద పడింది, పచ్చ టిక్కు వచ్చింది. మూడు సెకన్లు కూడా పట్టలేదు. తర్వాత వచ్చిన 1/2 + 1/5కు అంతే వేగంగా 7/10 నొక్కింది. ఎలా తెలిసిందని అడిగితే, అందులో దాచవలసిందేమీ లేదన్నట్టుగా, "పైనా కిందా పెద్ద అంకెలు ఉన్నదే ఎప్పుడూ కరెక్టు, టీచర్" అని చెప్పింది. ఆ సాయంత్రం నేనే కూర్చొని ఆ అధ్యాయంలోని 30 ప్రశ్నలూ చేసి చూశాను. ఒక్కదానిలో తప్ప అన్నింటిలోనూ ఆమె సూత్రం నెగ్గింది.

ఆ పిల్లను సోమరి అనడానికి నాకు నోరు రాలేదు. యాప్ తయారుచేసినవారి అలవాటును కనిపెట్టడం భిన్నాల కూడిక కంటే కష్టమైన పని, ఆ పని ఆమె చక్కగా చేసింది. తప్పంతా ప్రశ్నలను పేర్చిన తీరులో ఉంది. సమాన హారాలు ఉన్నవీ, లేనివీ, తీసివేతలూ కలగలిపి ఇచ్చి ఉంటే ఆ సూత్రం పది ప్రశ్నలు దాటకుండానే కూలిపోయేది. ఒకే రకం లెక్కలను 30 వరుసగా పేర్చడం వల్ల చివరిదాకా నిలిచింది.

జవాబును ఎంచుకోవాలా, తానే రాయాలా అనే ఈ తగాదా పాతదే. 1920లలో అమెరికాలో సిడ్నీ ప్రెస్సీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాలుగు మీటలున్న యంత్రాన్ని తయారుచేశాడు; విద్యార్థి సరైన మీట నొక్కితేనే తర్వాతి ప్రశ్న వచ్చేది. 1958లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త "సైన్స్" పత్రికలో బోధన యంత్రాల గురించి రాస్తూ, విద్యార్థి జవాబును ఎంచుకోవడం కాకుండా తానే కూర్చుకోవాలని వాదించాడు. స్కిన్నర్ చెప్పిన మిగతా విషయాల్లో నాకు చాలా పేచీలున్నాయి కానీ ఈ ఒక్కదానిలో ఆయన పక్షమే. ఇంత శక్తి ఉన్న ట్యాబులు చేతికి వచ్చాక కూడా మనం ప్రెస్సీ నాలుగు మీటల దగ్గరే ఉన్నామంటే, ఎంపిక జవాబును దిద్దడం కంపెనీకి సులువు కావడమే కారణమని నా గట్టి నమ్మకం.

తల్లిదండ్రులకు వారం వారం వచ్చే నివేదికల మీద కూడా నాకు కోపం ఉంది. "మీ పాప ఈ వారం 420 నిమిషాలు నేర్చుకుంది" అని అందులో ఉంటుంది. తెర వెలుగుతూ ఉన్న సమయాన్ని నేర్చుకున్న సమయంగా లెక్క కట్టే హక్కు ఎవరిచ్చారో నాకు అర్థం కాదు. వీడియో పాఠాలను తిప్పి తిప్పి చూడటంలో కూడా ఇదే భ్రమ ఉంది. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. పుస్తకం మూసి గుర్తుచేసుకొని రాసినవారు వారం తర్వాతి పరీక్షలో వారిని దాటిపోయారు.

ఆ అమ్మాయితో నేను చేసింది చెబుతాను. జియోజీబ్రా అనే, లెక్కల బొమ్మలు గీసి కదిలించే సాఫ్ట్‌వేర్‌లో ఒకే పొడవున్న రెండు పట్టీలు గీసి, పైదానిలో 2/3 వంతుకూ, కిందిదానిలో 1/4 వంతుకూ రంగు వేసి, రెండింటినీ ఎన్ని సమాన ముక్కలు చేయాలో మార్చే స్లైడర్ ఒకటి పెట్టాను. రంగు అంచు రెండు పట్టీల్లోనూ గీత మీదే పడేదాకా జరపమన్నాను. 6 దగ్గర పైది కుదిరింది, కిందిది కుదరలేదు. 8 దగ్గర కిందిది కుదిరితే పైది తప్పింది. 12 దగ్గర రెండూ కుదిరాయి. ఎనిమిది ముక్కలు, మూడు ముక్కలు అని వేలితో లెక్కపెట్టి, కాసేపు ఆగి, "2/3 ఒక్కటే సగం దాటింది కదా టీచర్, మరి 3/7 సగం కూడా లేదే" అంది. కనిష్ఠ సామాన్య గుణిజం అనే మాటను ఆ తర్వాతే ఎత్తాను.

కాబట్టి భిన్నాలకూ జ్యామితికీ జియోజీబ్రా చూడండి. వర్గ సంఖ్యలు, సూత్రాలు, కొత్త పదాలు గుర్తుండటానికి ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ చూడండి, కాకపోతే జవాబును పైకి చెప్పాకే కార్డు తిప్పాలనే షరతు పెట్టండి. ఇప్పుడున్న యాప్‌ను తీసేయనక్కరలేదు. నా విద్యార్థిని కూడా తన పాత యాప్‌నే కొనసాగించింది. తెర కింది సగాన్ని ఒక అట్టముక్కతో మూసి, జవాబును నోటుపుస్తకంలో రాసుకున్నాకే ఆ అట్టను తీసేది. మొదటి రోజు ఆమెకు పదింటిలో నాలుగే సరిగ్గా వచ్చాయి, వాటిని చేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది.