320 గంటలకి ఎన్ని క్రెడిట్లు?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది హిందూపురం. బెంగళూరులో వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) కింద ఉన్న కాలేజీలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాను. ఏడాదిగా ఆదివారాలు వర్తూరు దగ్గర రేకుల షెడ్లలో ఉండే కూలీల పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. కాలేజీ ఫెస్టులో వాలంటీరుగా కూడా చేశాను. ఇవన్నీ కలిపితే హానర్స్ వచ్చేస్తుందని మా సీనియర్ అంటున్నాడు. వేరే రాష్ట్రంలో బీఏ చదివే మా పెద్దమ్మ కూతురికి సమాజ సేవకి క్రెడిట్లు (డిగ్రీ రావడానికి కూడబెట్టాల్సిన చదువు లెక్క) ఇస్తున్నారు కూడా. అమ్మేమో "చదువుకోమని పంపిస్తే ఊళ్లో పిల్లలకి పాఠాలా?" అంటోంది. నాకు హానర్స్ వస్తుందా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: రాదమ్మాయ్. మీ సీనియర్ రెండు వేర్వేరు లెక్కల్ని ఒకే కుండలో వండేశాడు.

నువ్వు చేస్తున్నది యాక్టివిటీ పాయింట్ల కిందకి వస్తుంది. సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ పెట్టిన పద్ధతి అది. వీటీయూలో మొదటి ఏడాదే చేరినవాళ్లు చదువు ముగిసేలోగా 100 పాయింట్లు, అంటే 320 గంటల పని చూపించాలి. డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదికి వచ్చినవాళ్లకి 75 పాయింట్లు చాలు. ఇవి సీజీపీఏలో, అంటే నీ మొత్తం గ్రేడ్ల సగటులో, ఒక్క చుక్క కూడా కలవవు. కలవవు కదా అని వదిలేశావో, అవి పూర్తయ్యేదాకా ఎనిమిదో సెమిస్టర్ గ్రేడ్ కార్డు చేతికి రాదు.

హానర్స్ దారి వేరు. ఇంజనీరింగ్‌లో దానికి మామూలు క్రెడిట్లు కాక మరో 18 నుంచి 20 చదివి, పరీక్ష రాసి తెచ్చుకోవాలి. ఎక్కువమంది స్వయం, ఎన్‌పీటీఎల్ అనే ఆన్‌లైన్ వేదికల కోర్సులతో చేస్తారు. దానికి ఉండాల్సిన మార్కులెన్నో మీ బ్యాచ్ స్కీమ్ పుస్తకంలో చూసుకో, సీనియర్‌ని అడగొద్దు.

మీ అక్కది యూనివర్సిటీల్ని చూసే యూజీసీ 2022 డిసెంబరులో తెచ్చిన పద్ధతి అయ్యుంటుంది. అందులో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల హానర్స్‌కి 160. ఊళ్లోకి వెళ్లి చేసే పనికి 30 గంటలకి ఒక క్రెడిట్. అదైనా కోర్సులో భాగంగా పెడితేనే. అక్కడ 30 గంటలకి ఒకటి, నీకు 320 గంటలకి సున్నా! నన్నడిగితే ఇదేం తూకమో అర్థం కాదు. (మీ ఇంట్లో ఇక్కడ డిగ్రీలో చేరబోయే తమ్ముడో చెల్లో ఉంటే ఒక మాట: నాలుగేళ్ల డిగ్రీని అంతకుముందే, 2021-22లో మొదలుపెట్టిన కర్ణాటకే 2024-25 నుంచి మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వెళ్లిపోయింది.)

ఇక అసలు సంగతి, కాయితాలు. ఒక కాలేజీలో పదకొండేళ్లు ఎన్‌ఎస్‌ఎస్ (విద్యార్థులతో సేవ చేయించే జాతీయ సేవా పథకం) చూశాను. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు, పైన ఏడు రోజుల శిబిరం. మార్చి నెల వస్తే చాలు, నా గది ముందు పిల్లలు వరసకట్టేవాళ్లు. రెండేళ్ల డైరీ ఒకే పెన్నుతో, ఒకే రాత్రి రాసుకొచ్చేవాళ్లు. ఒక మహానుభావుడు ఫిబ్రవరి 30న మొక్కలు నాటాడు. వాడికి సంతకం పెట్టకుండా తిప్పి పంపడం తేలికే. కష్టమైంది ఇంకో అమ్మాయి విషయంలో. నిజంగా ఏడాదంతా ఒక బస్తీలో ముసలమ్మలకి పింఛను ఫారాలు నింపిపెట్టింది. చేతిలో ఒక్క కాయితం లేదు. ఆఫీసులో ఒప్పుకోలేదు. తప్పు ఆ పిల్లది కాదు, నాది. "చెయ్యి తల్లీ" అని నోటితో అన్నానే గానీ, ముందుగా అనుమతి రాసి ఇవ్వలేదు.

అందుకని నువ్వు ముందు కాలేజీలో ఈ పాయింట్లు చూసే లెక్చరర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకో. స్థానిక బడి పిల్లల చదువుకి సాయం చేయడం ఏఐసీటీఈ జాబితాలోనే ఉంది, కాబట్టి మొహమాటపడక్కర్లేదు. ఫెస్టులో కుర్చీలు సర్దడం మాత్రం అందులో లేదు, మర్చిపో. షెడ్ల మేస్త్రీ సంతకం పనికిరాదు. ఆ పిల్లలు వెళ్లే ప్రభుత్వ బడి హెడ్‌మాస్టర్ని కలిసి, వారం వారం ఆయన చేతే పెట్టించుకో. గడిచిన ఏడాది గురించి కూడా అడిగి చూడు. ఎన్ని గంటలు నిజంగా గుర్తున్నాయో అన్నే చెప్పు, ఒక్కటి కూడా పెంచకు.

అమ్మకి ఈ లెక్క చూపించు: ఆదివారానికి రెండు గంటలు, ఏడాదికి 40 ఆదివారాలు, మొత్తం 80. గడిచిన ఏడాదినీ ఒప్పుకుంటే నాలుగేళ్లకి సరిగ్గా 320. పరీక్షల ముందు మానేసినా సరిపోతుంది.

వచ్చే ఆదివారం వెళ్లేటప్పుడు దారిలో ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కెళ్లు. ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎంతమంది పిల్లలు, ఏ పాఠం, అన్నీ అక్కడే కూచుని రాసుకో. హెడ్‌మాస్టర్ కన్నడలో సంతకం పెట్టినా ఫర్వాలేదు, పక్కన తేదీ వేయించుకో.