మ్యాథ్స్ చదివి టీ సెల్ మోడల్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీది గుణుపూర్ అన్నారు. ఎమ్మెస్సీ మ్యాథ్స్ అయింది, ప్రాజెక్టుకి టీ సెల్ యాక్టివేషన్ మోడల్ ఇచ్చారు, ఇమ్యునాలజీ ఒక్క ముక్క రాదు, ముందు బయాలజీ అంతా చదవాలా అని అడిగారు. అక్కర్లేదు. మాది పర్లాకిమిడి, నేను వచ్చిందీ ఆ దారిలోనే. మొదటి ఏడాది మాత్రం వృథా చేసుకున్నాను.

ముందు అసలు చిక్కేమిటో చూడండి. టీ సెల్ అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్లరక్తకణం. ఎదుటి కణం దానికి చూపించే పెప్టైడ్ ముక్కల్లో (ప్రొటీన్ తునకలు) చాలావరకు మన సొంత ప్రొటీన్లవే. వైరస్ ముక్కలు వాటి మధ్య పదిలోపు ఉన్నా టీ సెల్ పసిగట్టగలదు. వేలల్లో ఉన్న సొంత ముక్కలకు మాత్రం కదలదు. తేడా ముఖ్యంగా టీ సెల్ మీద వాటిని పట్టుకునే ప్రొటీన్‌కి, అంటే రిసెప్టర్‌కి, ఎంతసేపు అంటుకుని ఉన్నాయన్నదాంట్లో ఉంది.

మా నాన్నగారికి బట్టల కొట్టు ఉండేది. ఐదో చీర విప్పేదాకా కూర్చున్నదే బేరం అనేవారు. మధ్యలో లేచి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి చీరలన్నీ మడతపెట్టేసి ఉంటాయి, మళ్ళీ మొదటి చీర నుంచే. కైనెటిక్ ప్రూఫ్‌రీడింగ్ అంటే దాదాపు ఇదే. రిసెప్టర్ లోపలి తోకలకు ఎల్‌సీకే అనే ఎంజైమ్ ఫాస్ఫేట్లు తగిలించాలి, జాప్-70 అనే ఇంకో ఎంజైమ్ వచ్చి చేరాలి, ఇలా ఒక్కో మెట్టు ఎక్కాలి. ఆఖరి మెట్టుకి ముందే పెప్టైడ్ జారిపోతే లెక్క మళ్ళీ సున్నా. కణం ప్రొటీన్లు తయారుచేసేటప్పుడు తప్పులు అంత తక్కువగా ఎలా ఉంటాయో వివరించడానికి 1974లో హాప్‌ఫీల్డ్, 1975లో నినియో విడివిడిగా చెప్పిన ఆలోచన ఇది. 1995లో మెకీథన్ దాన్ని టీ సెల్‌కి తెచ్చారు. (హాప్‌ఫీల్డ్‌కి 2024లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది, అది వేరే పనికి లెండి.)

లెక్క చేత్తోనే చేసుకోవచ్చు. మెట్టెక్కే రేటు సెకనుకి 1 అనుకోండి. ఒక పెప్టైడ్ సగటున 10 సెకన్లు ఉంటుంది, ఇంకొకటి 1 సెకను. ఒక మెట్టు దాటే అవకాశం మొదటిదానికి 0.91, రెండోదానికి 0.5. రెండింతల తేడా కూడా లేదు. ఐదు మెట్లు పెడితే 0.62, 0.03 వస్తాయి, అంటే ఇరవై రెట్లు. పది మెట్లయితే దాదాపు 400 రెట్లు, కానీ మంచి పెప్టైడ్ కూడా 0.39కి పడిపోతుంది. మెట్లు పెంచితే పొరపాట్లు తగ్గుతాయి, అసలు శత్రువూ కొంత చేజారుతుంది. ఈ లాగులాట అర్థమైతే సగం ప్రాజెక్టు అయినట్టే.

నేను ఇది వదిలేసి నేరుగా నలభై ఈక్వేషన్ల మోడల్ కట్టాను. వెస్టర్న్ బ్లాట్ (చాలా కణాలను కలిపి ప్రొటీన్ కొలిచే పద్ధతి) సగటులకు గీత అందంగా కూర్చుంది, తెగ మురిసిపోయాను. ల్యాబ్‌లో ఒక సీనియర్ అక్క ఒకటే అడిగింది: "సగటు సగం ఉందంటే అన్ని కణాలూ సగం వెలిగాయా, సగం కణాలు పూర్తిగా వెలిగాయా?" నోట మాట రాలేదు. ఫ్లో సైటోమెట్రీలో ఒక్కో కణాన్నీ చూస్తే రెండు గుట్టలు కనిపించాయి: వెలిగినవి (అంటే యాక్టివేట్ అయినవి), వెలగనివి. దీనికి ఒక కారణం తెలిసిందే. సాస్ అనే ప్రొటీన్ రాస్ అనే ఇంకో ప్రొటీన్‌ని మేల్కొలుపుతుంది, మేల్కొన్న రాస్ తిరిగి సాస్‌నే ఇంకా చురుగ్గా చేస్తుంది. స్విచ్ అలా పడుతుంది. నా మోడల్లో ఆ ఫీడ్‌బ్యాకే లేదు!

తర్వాత అంతా పక్కనపెట్టి, రియాక్షన్లను యాదృచ్ఛికంగా ఒక్కొక్కటిగా జరిపించే గిలెస్పీ అల్గారిథమ్‌తో ఒక్కో కణాన్నీ విడిగా నడిపాను. లాక్‌డౌన్‌లో ఇంట్లోనే, పాత ల్యాప్‌టాప్ మీద. కరెంటు పోతుందన్న టెన్షన్‌తో గంటకోసారి ఫైలు సేవ్ చేసేవాణ్ణి.

కాబట్టి ఐదు మెట్ల మోడల్ ముందు పైథాన్‌లో రాయండి, ఇరవై లైన్లు దాటదు. అది నడిచాక సాస్-రాస్ ఫీడ్‌బ్యాక్ ఒక్కటే కలపండి. వెయ్యి కణాలు నడిపి హిస్టోగ్రామ్ గీయండి. ఒకటే గుట్ట వస్తే ఫీడ్‌బ్యాక్ బలాన్ని కొద్దికొద్దిగా పెంచి చూడండి, మిగతా పారామీటర్ల జోలికి మాత్రం వెళ్ళకండి. బయాలజీ పుస్తకంలో ఏ పేజీలు కావాలో అప్పుడు మీకే తెలుస్తుంది.