కిరణ్‌కు, సర్వర్ తీసుకునే ముందు

చిరంజీవి కిరణ్‌కు ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ చదివాను. మందుల హోల్‌సేల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేయాలన్న ఆలోచన బాగుంది. కానీ ఇంకా ఒక్క షాపు కూడా చేరలేదు, అప్పుడే మైక్రోసర్వీసులు (అప్లికేషన్‌ను చిన్న చిన్న సర్వీసులుగా విడగొట్టడం), వాటిని నడిపే కుబర్నెటీస్, వాటి మధ్య సందేశాలు మోసే కాఫ్కా అన్నీ రాసేశావు. మీరున్నది ముగ్గురు. వాటిని కాపలా కాసేసరికే మీకు తెల్లారిపోతుంది. అన్నీ కలిపి ఒకే అప్లికేషన్‌గా కట్టండి, లోపల మాడ్యూళ్ళు మాత్రం విడివిడిగా ఉంచండి.

ఏ భాష అని అడిగావు. ముగ్గురికీ జావాలో చేయి తిరిగింది కదా, అదే వాడండి. గో భాష వేగం సంగతి నిజమే. కానీ బిల్లు ఆలస్యమయ్యేది చాలాసార్లు భాష వల్ల కాదు, డేటాబేస్‌లో ఇండెక్స్ (పుస్తకం వెనకుండే సూచిక లాంటిది) లేకుండా వెతికే క్వెరీ వల్ల. ఇన్‌స్టాగ్రామ్ పెరిగింది పైథాన్ భాష, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీదే. 2012లో ఫేస్‌బుక్ దాన్ని కొంటామని ప్రకటించే నాటికి అక్కడున్నది 13 మంది. ఇంకో సంగతీ చూసుకో. రేపు మీలో ఒకడికి బెంగళూరులో ఉద్యోగం వస్తే, జావా తెలిసిన మనిషి విజయవాడలోనే దొరుకుతాడు. రస్ట్ లాంటి కొత్త భాష తెలిసినవాడి కోసం ఎన్నాళ్ళు వెతుకుతావు?

డేటాబేస్ దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చో. టేబుళ్ళుగా కాక విడి డాక్యుమెంట్లుగా డేటా దాచే మాంగోడీబీ ఎందుకు రాశావో నాకు అర్థం కాలేదు. బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, స్టాకు, బాకీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నవి. ఒకే బ్యాచ్‌లో మిగిలిన ఆఖరి పెట్టెను రెండు కౌంటర్లు ఒకేసారి అమ్మకూడదంటే ట్రాన్సాక్షన్లు (పని మొత్తం జరగాలి, లేదా అసలు జరగకూడదు), రో లాకులు (ఒకరు మారుస్తున్న వరుసను ఇంకొకరు ముట్టుకోకుండా వేసే తాళం) గట్టిగా ఉండాలి. పోస్ట్‌గ్రెస్ పెట్టు. డబ్బును ఫ్లోట్‌లో (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) దాచకు, ఉన్నదున్నట్టు దాచే న్యూమరిక్ వాడు. ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, ఆ తేడా ఏమిటో ఆడిటర్‌కు చెప్పుకోవలసింది నువ్వే. మొదటి రోజు నుంచే ప్రతి టేబుల్‌లో షాపు ఐడీ ఉంచు. షాపులు వేలల్లోకి వెళ్ళి డేటా విడగొట్టాల్సి వస్తే దాని మీదే విడగొడతావు.

ఇక లోడ్. రోజువారీ సగటు చూసి సర్వర్ తీసుకోకు. నెలనెలా ఫైల్ చేసేవాళ్ళకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్న్) గడువు 11వ తేదీ. పదో తేదీ రాత్రి అందరూ ఒకేసారి రిపోర్టులు లాగుతారు. ఆ రిపోర్టులు క్యూలో పడి వెనకాల నడవాలి, కౌంటర్‌లో బిల్లు ఆగకూడదు. పోస్ట్‌గ్రెస్ ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ తెరుస్తుంది, మామూలుగా దాని పరిమితి 100. అందుకని దానికి ముందు, కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ పెట్టు. తరచూ అడిగే డేటాను మెమరీలో ఉంచే రెడిస్ కావాలో లేదో ఆ రాత్రి లెక్కలు చూశాక తేల్చుకోవచ్చు.

సర్వర్లంటావా, అప్లికేషన్‌కు రెండు చిన్నవి, డేటాబేస్‌కు ఒక మంచిది చాలు. క్లౌడ్ అయితే ముంబై గానీ హైదరాబాద్ గానీ తీసుకో. అమెజాన్ తన క్లౌడ్‌కు హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) 2022 నవంబర్‌లోనే తెరిచింది. అమెరికాలో చవగ్గా వస్తుందని అటు వెళ్ళకు. నీ కస్టమర్లలో కంపెనీలుగా నమోదైనవాళ్ళు లెక్కల బ్యాకప్‌ను రోజూ ఇండియాలో ఉన్న సర్వర్‌లోనే ఉంచాలి, అది నిబంధన. 2023 ఏప్రిల్ నుంచి వాళ్ళ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో తెలిపే ఎడిట్ లాగ్ కూడా ఉండాలి, దాన్ని ఆపేసే వీలుండకూడదు. దీన్ని తర్వాత అతికించడం నరకం, ఇప్పుడే కట్టు.

బ్యాకప్ గురించి నీ ప్లాన్‌లో ఒక్క లైనే ఉంది. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తుడిచేశాడు. తీరా చూస్తే రోజూ వస్తోందనుకున్న బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతోంది, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్ళు ఎవరికీ చేరడం లేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి దొరికింది. నీకూ అలా దొరుకుతుందని అనుకోకు. టెస్ట్ డేటానే బ్యాకప్ తీసి, ఖాళీ మెషీన్ మీద రీస్టోర్ చేసి, ఎంతసేపు పట్టిందో నాకు రాయి. రెప్లికా (ఎప్పటికప్పుడు తాజాగా నడిచే డేటాబేస్ రెండో కాపీ) సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

నీ బాబాయి