అంతర్జాతీయ సంబంధాల్లో డిగ్రీ చేస్తే దౌత్యవేత్త కావచ్చా?

ఆ డిగ్రీ ఒక్కదానితో కాలేరు. కానీ దేశాల మధ్య వ్యవహారాలతో పని ఉండే చాలా ఉద్యోగాలకు అది మంచి పునాది.

వైద్యం, న్యాయశాస్త్రం లాగా ఇది వృత్తి అర్హత ఇచ్చే చదువు కాదు. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ చట్టం కలిపి చదివించి, ఒక ప్రభుత్వం ఫలానా నిర్ణయం ఎందుకు తీసుకుందో విప్పి చూడటం నేర్పుతుంది. దౌత్యవేత్తల ఎంపిక వేరు. భారత విదేశాంగ సర్వీసుకు ఏ సబ్జెక్టులో డిగ్రీ ఉన్నా సివిల్ సర్వీసెస్ పరీక్ష రాయవచ్చు. అమెరికా కూడా ఫలానా సబ్జెక్టే చదివి ఉండాలని అడగదు.

మరి ఈ చదువు ఎక్కడ పనికొస్తుంది? బ్యాంకుల్లో ఆంక్షలను, అంటే ఫలానా దేశాలతో, వ్యక్తులతో లావాదేవీలు వద్దనే నిషేధాలను పరిశీలించే విభాగాన్ని చూడండి. ఓ సరకు రవాణాకు చెల్లింపు వచ్చిందంటే, అక్కడి ఉద్యోగి ఓడ పేరుతో ఆగడు. పేరు, జెండా మార్చినా మారని ఏడంకెల ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) సంఖ్యను పట్టుకుని, అసలు యజమాని ఆంక్షల జాబితాలో ఉన్నాడేమో వెతుకుతాడు. ఆ జాబితా వెనకున్న రాజకీయం తెలిసినవారికి ఈ పని సులువుగా పట్టుబడుతుంది. పత్రికలు, పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంస్థల్లోనూ అవకాశాలుంటాయి.

చాలామంది పొరబడేది ఐక్యరాజ్యసమితి విషయంలో. డిగ్రీ కాగానే అక్కడ ఉద్యోగం సిద్ధంగా ఉంటుందనుకుంటారు. నిజానికి వృత్తి నిపుణుల స్థాయి పోస్టులకు ఎక్కువగా పీజీ, అనుభవం అడుగుతారు. డిగ్రీతో ప్రవేశించే యువ నిపుణుల పరీక్ష ఒకటుంది గానీ, దాన్ని అన్ని దేశాలవారూ ఏటా రాయలేరు. డిగ్రీతో పాటు ఓ విదేశీ భాషో, గణాంకశాస్త్రమో గట్టిగా నేర్చుకోవడమే తెలివైన పని.