చిన్న లాప్‌టాప్ కొన్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. రాజోలులో సొంతంగా టైపింగ్ కొట్టు తెరుస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పగానే పొంగిపోయాను. అయితే అందుకోసం 11 అంగుళాల లాప్‌టాప్ కొన్నావన్నది విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

షిఫ్ట్ సంగతి నీకు తెలిసిందే. మనం తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతిలో అది సరిగ్గా పడకపోతే ‘భాగము’ కాస్తా ‘బాగము’ అవుతుంది. షిఫ్ట్‌ను వరుసగా 5 సార్లు నొక్కితే స్టికీ కీస్ (మీటలను కలిపి కాక ఒకదాని తర్వాత ఒకటి నొక్కే వీలు) పెట్టుకుంటావా అని విండోస్ అడుగుతుంది, వద్దను.

నా భయమంతా ఎఫ్‌ఎన్ (Fn) మీట గురించే. చిన్న కీబోర్డులో చోటు చాలక ఒక్కో మీటకు రెండేసి పనులు అప్పగించి, రెండో పనికి దీన్ని కాపలా పెట్టారు. కంట్రోల్ నొక్కితే ఆ కబురు విండోస్ దాకా వెళుతుంది. ఎఫ్‌ఎన్ నొక్కితే చాలా యంత్రాల్లో కీబోర్డును నడిపే చిప్పు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి విండోస్ సెట్టింగుల్లో ఎంత వెతికినా దాన్ని మార్చే దారి దొరకదు.

నేను అమలాపురంలో దస్తావేజులు టైపు చేసే రోజుల్లో, ముగ్గురు అన్నదమ్ముల కొబ్బరితోట పంపకాల కాగితం నా చేతికి వచ్చింది. డెస్క్‌టాప్‌కు అలవాటుపడిన నా చిటికెన వేలు కంట్రోల్ కోసం కింది ఎడమ మూలకే పోయేది. కొత్తగా కొన్న లాప్‌టాప్‌లో ఆ మూలన ఉన్నది ఎఫ్‌ఎన్, కంట్రోల్ దాని పక్కన. పేజీ పేజీకీ కంట్రోల్‌తో ఎస్ నొక్కి సేవ్ చేస్తున్నాననుకుంటూ ఎఫ్‌ఎన్‌తో ఎస్ నొక్కుతూ పోయాను. ఒక పిచ్చి అక్షరమైనా తెర మీద పడి ఉంటే కనిపెట్టేవాణ్ణి, కానీ ఆ యంత్రంలో ఏమీ పడేది కాదు. తొమ్మిదో పేజీలో, ‘తూర్పున పంట కాలువ’ అని హద్దులు కొడుతుండగా కరెంటు పోయింది, ముసలి బ్యాటరీ రెండు నిమిషాలు కూడా ఆగలేదు. బల్ల మీద కూర్చున్న ముగ్గురూ నా ముఖంలోకి చూశారు. మళ్లీ మొదటి నుంచి కొడుతుండగానే రాహుకాలం వచ్చిందని, రేపు వస్తామని లేచారు. ఆ రాత్రి రెండోవాడు మనసు మార్చుకున్నాడు. నెల తిరక్కుండా తోట మధ్య కంచె లేచింది. ఇప్పటికీ ఆ దారిన వెళ్లవలసివస్తే నేను తల పక్కకు తిప్పుకుంటాను.

అందుచేత, తల్లీ, ముందు నీ లాప్‌టాప్ ఎడమ మూల చూడు. అక్కడ ఎఫ్‌ఎన్ ఉంటే, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే యంత్రం సొంత సెట్టింగుల్లో) ఆ రెండు మీటలనూ తారుమారు చేసే వీలు కొన్ని యంత్రాల్లో ఉంటుంది, వెతుకు. లేకపోతే కంట్రోల్ మీద గోళ్లరంగు చుక్క పెట్టు, నవ్వేవాళ్లను నవ్వనీ. అక్షరాలకు బదులు అంకెలు పడితే నమ్‌లాక్ వెలిగిందేమో చూసుకో. కొన్ని చిన్న కీబోర్డుల్లో యు, ఐ, ఓ మీటలు అప్పుడు 4, 5, 6 అవుతాయి. ఇంత చెబుతున్నందుకు విసుక్కోకు. నీకు తొలిసారి కీబోర్డు మీద వేళ్లు పెట్టించినవాణ్ణి నేనే గనక నీ వేళ్లకు ఉన్న తప్పుడు అలవాట్లు కూడా నావే.

ముహూర్తానికి ముందు ఒక్కసారి దాన్ని నా దగ్గరకు తీసుకురా, పక్కన కూర్చుని ఒక పేజీ కొట్టించి చూస్తాను. ఛార్జరు మరచిపోకు.

నీ మామయ్య